విశాఖ శిబిరానికి ఒక కుర్చీ, నాలుగు మీటర్ల నేల

ఈ శీతకాలం విశాఖపట్నంలో మనం జరపబోయే ఆరోగ్య శిబిరానికి సూచనలు అడిగినప్పుడు, సభ్యులలో పలువురు రాసిన మాట ఒక్కటే: మెదడు క్షీణతను పసిగట్టే కొత్త రక్తపరీక్షలు మన పెద్దవాళ్ళకు చేయిద్దాం, ఖర్చు మనం భరిద్దాం అని. ఆ మాట వెనకనున్న బెంగ నాకూ ఉంది. అయినా ఆ సొమ్ము ముందు వేరేచోట పెట్టాలని నా అభిప్రాయం.

ఆ పరీక్షలను చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. నాడీకణాల పొడవాటి తంతువులకు లోపలినుంచి ఆసరాగా ఉండే ప్రోటీన్లలో న్యూరోఫిలమెంట్ లైట్ చైన్ ఒకటి. తంతువు దెబ్బతిన్నప్పుడు అది వెన్నునీటిలోకీ, అక్కడినుంచి లేశమాత్రంగా నెత్తురులోకీ చేరుతుంది. పైకోగ్రాములలో, అంటే గ్రాములో లక్షకోట్లవ వంతులలో ఉండే ఆ పదార్థాన్ని కొలవగలగడం సామాన్యమైన విషయం కాదు. ఆల్జైమర్స్ జాడ పట్టే పి-టౌ217 అనే ప్రోటీనును, ఆ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే మరో ప్రోటీనుతో కలిపి చూసే రక్తపరీక్షకు 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఇచ్చింది. అయితే ఆ అనుమతి 55 ఏళ్ళు నిండి, మతిమరుపు వంటి లక్షణాలతో నిపుణుల దగ్గరికి వచ్చినవారి కోసం. ఏ లక్షణమూ లేని మేనత్తగారికి పుట్టినరోజు కానుకగా చేయించడానికి కాదు.

న్యూరోఫిలమెంట్ సంగతి ఇంకా చిక్కు. వయసుతోపాటు అది పెరుగుతుంది, మూత్రపిండాలు మందగించినా పెరుగుతుంది, ఒళ్ళున్నవారిలో తక్కువగా కనబడుతుంది. పక్షవాతం వచ్చినా, షుగరు వల్ల కాళ్ళ నరాలు చెడినా పెరగవచ్చు. అది ఎక్కువగా ఉన్న వృద్ధుల నడక నెమ్మదిగా ఉంటుందని పరిశోధకులు గమనించిన మాట నిజమే కాని, వందలమందిని కలిపి చూసినప్పుడు తేలిన సంబంధాన్ని పట్టుకొని ఒక మనిషి రిపోర్టుకు అర్థం చెప్పలేం.

సింహాచలానికి ఏటా మెట్లదారినే వెళ్ళే మా అమ్మ, కిందటి డిసెంబరులో ‘కొండమీదికి బస్సుంది కదరా’ అన్నది. మోకాళ్ళనుకున్నాం. ఎం.వి.పి. కాలనీలోని ఇంటి హాలులో రెండడుగుల పలకలు ఆరున్నర లెక్కపెట్టి, అంటే దాదాపు నాలుగు మీటర్లు, మామూలుగా నడవమన్నాను. ఆరు సెకన్లు పట్టింది. ఆసియా వృద్ధులలో కండబలం తగ్గుదలను అంచనా వేయడానికి నిపుణులు 2019లో పెట్టిన హద్దు సెకనుకు 1 మీటరు; అమ్మ నడక అంతకన్నా తక్కువ. చేతులు గుండెలమీద కట్టుకొని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమంటే, ‘ఇదేటిరా, గుంజీలు తీయిస్తున్నావు’ అని నవ్వింది. మూడోసారికి మాత్రం ఆమె కుడిచేయి తనకు తెలియకుండానే కుర్చీ చేతిని వెతుక్కుంది. ఆ వారం చేయించిన మామూలు రక్తపరీక్షలో విటమిన్ బి12 లోపం బయటపడింది. శాకాహారం, దానికితోడు ఏళ్ళ తరబడి వేసుకుంటున్న షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్. బి12 తగ్గితే కాళ్ళ నరాలకూ జ్ఞాపకానికీ రెండింటికీ చేటే. వేళకు పట్టుకుంటే సూదిమందుతో చాలావరకు కోలుకోవచ్చు.

కన్ను, చెవి, గుండె, కండ, నరం అన్నిటినీ కూడదీసుకొని మెదడు చేయించే పని నడక. అది మందగించి, మతిమరుపు పెరిగిందని మనిషే చెబుతుంటే డిమెన్షియా, అంటే మెదడు క్షీణించి మతి తప్పే జబ్బు, ముప్పు ఎక్కువని అమెరికాలోని న్యూరాలజిస్టు డాక్టర్ జో వర్గీస్ బృందం 2013 నుంచి చెబుతున్నది. అందుకే శిబిరంలో ముందు నడక, కుర్చీ పరీక్షలు పెడదాం. పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ చూద్దాం. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, బి12, వినికిడి పరీక్షలు చేయిద్దాం. వీటిలో కారణం దొరకక, మతిమరుపు నిజంగానే కనబడినవారిని న్యూరాలజిస్టు దగ్గరికి పంపి, ఆయన అవసరమంటే పి-టౌ217 ఖర్చు మనం పెట్టుకుందాం.

ఇక శిబిరం ఎక్కడన్నది. బీచ్ రోడ్డులోనే పెట్టాలని పట్టుబడుతున్నవారికి నా మనవి ఒకటి: తెల్లవారుజామున అక్కడికి వచ్చేవారు ఇంకా నడుస్తున్నవారు. రావడం మానేసినవారు గాజువాకలోనో, దొండపర్తిలోనో లిఫ్టులేని మూడో అంతస్తులో ఉంటారు. టేపూ, చేతులులేని కుర్చీ పట్టుకొని ఆ మెట్లు మనమే ఎక్కాలి.