రెండు నిమిషాల మౌనం

పాత విద్యార్థుల సమ్మేళనాలకు కాలం చెల్లిందని మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో గట్టిగా వాదించినవాణ్ణి నేనే. 1979లో గోదావరి జిల్లాల్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గేటు దాటినవాళ్లలో 63 మందిమి ఆ గ్రూపులో పోగయ్యాం. ఎవరికి షుగరు ఎంతుందో, ఎవరి మనవరాలు డల్లాస్‌లో కూచిపూడి నేర్చుకుంటోందో, ఎవరింట్లో ఈ పూట గుత్తివంకాయ వండారో ఎప్పటికప్పుడు తెలిసిపోతున్నప్పుడు, పనిగట్టుకుని రైలెక్కి వెళ్లి ఒకరినొకరు కొత్తగా అడగవలసిందేముంటుందన్నది నా ప్రశ్న. ఆర్కుట్ రోజుల్లో ఒక బాల్యమిత్రుణ్ణి వెతికి పట్టుకుంటే పండగలా ఉండేది. ఇప్పుడు వెతకడం కాదు, తప్పించుకోవడమే కష్టం.

నా వాదన అలా సాగుతుండగా, 2025 జూలై నెలాఖరున గ్రూపులోకి మా తరగతివాడే ఒకడి ఫొటో వచ్చింది. గడ్డానికి తగిలే బంతిపూల దండ, నుదుట వెడల్పాటి కుంకుమబొట్టు, మూసిన కళ్లు. కింద ‘మన తెలుగు మాస్టారికి ఇక పూర్తి విశ్రాంతి’ అని ఒకే ఒక్క వాక్యం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 2022లో 60 నుంచి 62 ఏళ్లకు పెంచారనీ, మా ఈడువాళ్లందరూ సరిగ్గా ఆ గట్టు మీదే ఉన్నారనీ నాకు తెలియనిది కాదు. కాని దండా మూసిన కళ్లూ కలిసి కనబడేసరికి నా బొటనవేలు నన్ను అడగకుండానే ‘ఓం శాంతి’ కొట్టేసింది.

మొదటి సంతాపం నాదే. మిగిలినవాళ్లు ఫొటోను కాక నా సంతాపాన్ని చూసి నమ్మారు. గంట తిరిగేసరికి 41 మంది చేతులు జోడించారు. ఒకడైతే, పోయినవాడు ఆఖరుసారి తనతో ఫోనులో ఏమన్నాడో కూడా కళ్లకు కట్టినట్లు రాశాడు. ఫొటో పంపిన మహానుభావుడు రోజుకు యాభై పంపేవాడే గాని, పంపినదాన్ని తిరిగి చూసేవాడు కాడు. పోయినవాడు ఆ గ్రూపును ఎప్పుడో శాశ్వతంగా మ్యూట్‌లో పెట్టేశాడు.

డిసెంబరులో సమ్మేళనం జరపాలని అందరూ తీర్మానించడంతో ఓడిపోయిన నేను గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పెసరట్టు ఉప్మా అయింది. తెల్లజుట్టూ బట్టతలా పెట్టుకుని ఒకరినొకరు పోల్చుకోలేక, డీపీల్లో వేంకటేశ్వరస్వామినీ మనవళ్లనూ పెట్టుకున్నందుకు పరస్పరం తిట్టుకోవడమూ అయింది. పిమ్మట సభ మొదలైంది. వేదిక వెనక ఫ్లెక్సీలో ఒక మూలన, దివంగత మిత్రుల ఏడు ఫొటోల వరుసలో చివరిది ఆ బంతిపూల దండ ఫొటో. మా లెక్కల మాస్టారు శాలువా సర్దుకుంటూ రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు.

తలలు వంచుకుని నిలబడ్డాం. అర నిమిషం గడిచిందో లేదో, ఆలస్యంగా వచ్చిన మనిషెవరో చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, నా పక్కన చేరి, బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపు ఓపిక పట్టి, నా చెవిలో గుసగుసగా అడిగాడు.

“పోయిందెవర్రా?”

తలెత్తకుండానే నాకు కాళ్లు చల్లబడ్డాయి. 46 ఏళ్ల కిందట పరీక్ష హాల్లో, సరిగ్గా ఇదే గుసగుసతో, “అయిదో ప్రశ్నకు జవాబేంట్రా?” అని అడిగిన గొంతు అది. వాట్సాప్‌లో ఒక్కనాడూ వినని గొంతు. అప్పట్లాగే ఇప్పుడూ నా దగ్గర జవాబు లేదు గనుక, వేలెత్తి ఫ్లెక్సీ వైపు చూపించాను.

అతడు జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మౌనంలో ఉన్న అరవై మంది మధ్య నుంచి నడుచుకుంటూ ఫ్లెక్సీ దాకా వెళ్లాడు. తన ఫొటోను పైనుంచి కిందికి తీరిగ్గా చూశాడు. ఆ పైన శీర్షిక మీద చూపుడువేలు ఆనించి వెనక్కి తిరిగాడు.

“‘స్వర్గస్తులు’ ఏమిట్రా? త వత్తు కాదు, థ వత్తు ఉండాలి. ఎవరు రాయించారిది?”

రాయించింది నేనే.