గోల్డ్ ఫిష్ ట్యాంకులో హిల్‌స్ట్రీమ్ లోచ్ వేయమనే మెసేజ్‌ని నమ్మకండి

కర్నూలులో చేపలు పెంచుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎండలు మొదలైనప్పటి నుంచి ఒకే మెసేజ్ తిరుగుతోంది. "గోల్డ్ ఫిష్ ట్యాంకులో రెండు హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు వేయండి. రెండూ చల్లనీటి చేపలే. పాచినీ గోల్డ్ ఫిష్ వేస్ట్‌నీ అవే తినేస్తాయి. వేరే మేత అక్కర్లేదు, నీళ్లు మార్చే పనీ తప్పుతుంది. ఎండాకాలంలో ఐసు ముక్కలు వేస్తే చాలు." పోయిన ఏడాది ఇదే నమ్మి నేను రెండు లోచ్‌లను చంపుకున్నాను. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

రెండూ చల్లనీటి చేపలే అన్నది సగం నిజం. 20 నుంచి 23 డిగ్రీల నీళ్లు రెండింటికీ సరిపోతాయి. తేడా అంతా నీటి పరుగులో ఉంది. లోచ్‌లది వియత్నాం, దక్షిణ చైనా, బోర్నియోల్లోని కొండవాగుల నీళ్లు. వాగు ఉరికే చోట కొట్టుకుపోకుండా రెక్కలను పళ్లెంలా పరిచి రాయికి అతుక్కుని బతుకుతాయి. గోల్డ్ ఫిష్ పుట్టిల్లు కూడా చైనాయే, కానీ అది నిదానమైన నీళ్ల చేప. ఒరాండా, రాంచు లాంటి రకాలను మనుషులే తరతరాలుగా ఎంచి ఎంచి గుండ్రంగా చేశారు. రాంచుకు వీపు మీద రెక్కే ఉండదు. నేను లోచ్‌ల కోసం పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లను వేగంగా తోసే చిన్న మోటారు) బిగిస్తే మా ఒరాండా రెండు రోజులు ఫిల్టర్ వెనక మూల వదల్లేదు. మేత కోసం బయటికి వచ్చినా ఎదురీదలేక వెనక్కి కొట్టుకుపోయేది. చూడలేక పవర్‌హెడ్ తీసేశాను. అక్కడి నుంచి లోచ్‌లకు కష్టాలు మొదలయ్యాయి.

ఇక ఐసు. ఏప్రిల్, మే నెలల్లో మా ఇంట్లో ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలకు తగ్గవు. వంద లీటర్ల నీళ్లను 31 నుంచి 24కు దించాలంటే దాదాపు 7 కిలోల ఐసు కావాలి. వేశారే అనుకుందాం, సాయంత్రానికి మళ్లీ మొదటికే వస్తుంది. రోజూ ఈ ఎగుడుదిగుళ్లు ఏ చేప ఒంటికీ మంచివి కావు. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే ఉన్నదీ తరిగిపోతుంది. అలా కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం నా లోచ్‌లు రెండూ అడుగున రాళ్లు వదిలేసి, నీటి అంచుకు వచ్చి అద్దాన్ని కరుచుకుని ఉన్నాయి. మొప్పలు లెక్కపెట్టలేనంత వేగంగా ఆడుతున్నాయి. రాత్రికి ఒకటి పోయింది, తెల్లారేసరికి రెండోది.

వేస్ట్ తింటాయన్నది పచ్చి అబద్ధం. తినవు సరికదా, తమ వేస్ట్ కూడా కలుపుతాయి. గోల్డ్ ఫిష్ అసలే బాగా తిని బాగా విసర్జించే చేప. ఆ వేస్ట్ నుంచి వచ్చే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. పేరుకున్న నైట్రేట్ పోవాలంటే మనం నీళ్లు మార్చాల్సిందే. మురికి నీటిని గోల్డ్ ఫిష్ కొంత ఓర్చుకుంటుందేమో గానీ లోచ్ ఓర్చుకోలేదు.

మేత అక్కర్లేదన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. లోచ్ తినేది ఒట్టి పచ్చని పాచి కాదు. రాళ్ల మీద జిగటగా పట్టే సన్నని పొరను, అందులోని కంటికి కనిపించని జీవులను గీరి తింటుంది. వారం వారం తోమే ట్యాంకులో ఆ పొర ఎక్కడుంటుంది? పోనీ బిళ్ల మేత వేద్దామంటే, అది అడుగుకు చేరేలోపే గోల్డ్ ఫిష్ మింగేస్తుంది. లోచ్ అద్దానికి అతుక్కున్నప్పుడు బయటి నుంచి దాని పొట్ట చూడండి. నిండుగా ఉండాల్సిన పొట్ట లోపలికి గుంట పడితే అది ఆకలితో మాడుతున్నట్టే. పోయే ముందు నా రెండింటి పొట్టలూ అలాగే ఉన్నాయి. అప్పట్లో నాకు దాని అర్థం తెలియలేదు.

గోల్డ్ ఫిష్ ఒంటి మీది జిగురును లోచ్ పీకుతుందనే భయం మాత్రం పెద్దగా అక్కర్లేదు. ఆ అలవాటు ఎక్కువగా, పాచి తింటుందని ట్యాంకుల్లో వేసే సక్కర్ ఫిష్‌ది. అది అడుగు పొడవు దాటి పెరుగుతుంది కూడా. పెద్దదైపోయిందని దాన్ని తీసుకెళ్లి తుంగభద్రలోనో కేసీ కాలువలోనో వదలకండి. దానివల్ల మన రాష్ట్రంలో చేపల చెరువుల రైతులు ఇప్పటికే ఇబ్బంది పడుతున్నారు.

పొడవాటి పెద్ద ట్యాంకు, వేసవంతా చల్లగా ఉండే గది, ఒక చివర ఉరవడి, మరో చివర నిదానం, కరెంటు పోతే బ్యాటరీ పంపు ఉంటే రెండింటినీ కలిపి పెంచొచ్చు. రెండడుగుల ట్యాంకులో కుదరదు. పాచి కోసమే అయితే ట్యాంకు మీద ఎండ పడకుండా చూసి, లైటు ఆరేడు గంటలకు తగ్గించండి. అద్దాన్ని నేను ఆదివారం పాత ఏటీఎం కార్డుతో గీకుతున్నాను, పది నిమిషాల పని. వేడికి ట్యాంకు మూత తీసి నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పాను. మన పొడి గాలిలో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్లు మాత్రం రోజూ నింపాలి, మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే.