గత సీజన్ పాయింట్ల పట్టిక గారికి

హైదరాబాద్ నుంచి ఒక ఫుట్‌బాల్ అభిమాని రాయు లేఖ.

తమరు క్షేమమేనని తెలుసు. అయిపోయిన మ్యాచుల లెక్కే కదా తమ ఉద్యోగం, టెన్షన్ ఎక్కడిది? కొత్త సీజన్ దగ్గర పడితే చాలు, టీవీ నిపుణులు తమరిని తెర మీదికి తెచ్చి, "గత రికార్డు చూస్తే..." అంటూ జోస్యం మొదలుపెడతారు. మేమూ చెవులు రిక్కించి వింటాం.

మా హైదరాబాద్ ఎఫ్‌సీ జాతకమే తీసుకోండి. 2019-20లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో అడుగుపెట్టి 18 మ్యాచుల్లో రెండే గెలిచింది. పది జట్లలో పదోది. తమరిని నమ్మినవాళ్లు "వీళ్ల పని ఇంతే" అన్నారు. మానోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చి మరుసటి ఏడాదే ఐదో స్థానానికి లాగాడు. సరే, మధ్యరకం జట్టని ఒప్పుకున్నారు. ఆపై ఏడాది, 2022 మార్చి 20న, గోవాలో ఫైనల్. 88వ నిమిషం దాకా కేరళ బ్లాస్టర్స్‌దే పైచేయి. అప్పుడు సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి, బంతి గాల్లో ఉండగానే కొట్టాడు చూడండి, గోల్! పెనాల్టీ షూటౌట్‌లో మా గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. కప్పు మాది. ఇంత కథా తమ లెక్కల్లో 1-1, బ్రాకెట్లో 3-1.

2022-23లో లీగ్‌లో రెండో స్థానం, 42 పాయింట్లు. ఇక తమ ప్రకారం 2023-24లో మాకు తిరుగుండకూడదు. ఏమైంది? 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. మార్క్వెజ్ అప్పటికే గోవా జట్టుకు వెళ్లిపోయాడు. జీతాల బకాయిల గొడవ ముదిరి విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే పెట్టేబేడా సర్దుకుని వెళ్లిపోయారు. చివరికి కుర్రాళ్లే మైదానంలోకి దిగి, దెబ్బలన్నీ తిన్నారు పాపం.

ఉగాదికి పంచాంగం చదివే పంతులు గారు కూడా ఆదాయం పక్కన వ్యయం చెబుతారు, రాజపూజ్యం పక్కన అవమానం చెబుతారు. తమరి దగ్గర గెలుపు, డ్రా, ఓటమి, గోల్స్ అన్నిటికీ గడులున్నాయి. ఆటగాడికి జీతం పడిందా లేదా అన్నదానికి మాత్రం గడి లేదు. ఆ ఒక్క గడి ఉండుంటే మా 2023-24 ముందే తెలిసేది.

మా ఊరి గోల తమరికి చిన్నదిగా అనిపిస్తే ఇంగ్లండ్ వెళ్దాం. 2014-15లో చెల్సీ ఛాంపియన్, లీసెస్టర్ 14వది. మరుసటి ఏడు లీసెస్టర్ ఛాంపియన్, చెల్సీ పదోది! ఆ సీజన్ ముందు లీసెస్టర్ గెలుపుకు 5000కు 1 పందెం రేటు (ఒకటి కాస్తే 5000) ఇచ్చిన బుకీలు తమ భక్తులే. చేతులు కాల్చుకున్నారు.

బాయర్న్ మ్యూనిక్ వరసగా 11 సార్లు జర్మనీ లీగ్ గెలవలేదా అని తమరు దబాయించొచ్చు. గెలిచింది. ఆ గొప్ప తమది కాదు, వాళ్ల ఖజానాది. 2023-24లో లెవర్‌కూజెన్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఆ వరసకు తెర దించింది. అంతకు ముందు ఏడు ఆ జట్టు ఆరోది.

చివరగా ఒక సందేహం. మా క్లబ్బు చేతులు మారి, 2025లో ఊరు కూడా మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఢిల్లీ భవిష్యత్తు చెప్పడానికి తమరు ఎవరి రికార్డు తిరగేస్తారు? కట్టిమని ఆపిన పెనాల్టీలు కూడా వాళ్ల ఖాతాలో వేసేస్తారా? వేస్తే వేయండి, ఆ 8 పాయింట్ల సీజన్ కూడా జత చేసి పంపండి. కప్పు ఒక్కటీ పట్టుకుపోతామంటే కుదరదు.

ఇట్లు,
ప్రస్తుతానికి జట్టు లేని అభిమాని,
గచ్చిబౌలి