రిజెక్షన్ నష్టం రైతు నెత్తిన ఎందుకు?

హైదరాబాద్‌లో అగ్రిటెక్ (వ్యవసాయంలో టెక్నాలజీ వాడే కంపెనీలు) అనగానే అందరికీ గుర్తొచ్చేవి యాప్, డ్రోన్, ఏఐ. పెట్టుబడిదారులకు చూపించే ప్రజెంటేషన్లలోనూ అవే ముందుంటాయి. ఈ రంగంలో ఆపరేషన్స్ చూసే మాలాంటివాళ్ల పని మాత్రం చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు రైతుల దగ్గర కూరగాయలు కొనే కలెక్షన్ సెంటర్లలో మధ్యాహ్నం మొదలై, సిటీ గోదాములో తెల్లవారుజామున ముగుస్తుంది. కంపెనీ మీద రైతుకు నమ్మకం కుదిరేదీ, పోయేదీ ఆ కొన్ని గంటల్లోనే.

టమాటా సంగతే చూద్దాం. రైతు పొద్దున్నే కోసి, క్రేట్లలో సర్ది, ట్రాలీ ఆటోలో సెంటర్‌కు తెస్తాడు. ఫీల్డ్ ఆఫీసర్ పగిలినవి, మచ్చలున్నవి తీసేసి, దోరగా ఉన్నవి ఒక పక్క, బాగా పండినవి ఇంకో పక్క పెట్టిస్తాడు. కాంటా వేసి రసీదు ఇస్తాడు. అక్కడితో లెక్క తెగిపోవాలి. తెగదు. సరుకు వ్యాన్‌లో ఒకదానిమీద ఒకటిగా ఎక్కి, ట్రాఫిక్‌లో ఎండకు మాగి, రాత్రికి గోదాముకు చేరుతుంది. అక్కడ క్వాలిటీ టీమ్ క్రేట్లు విప్పి మళ్లీ గ్రేడింగ్ చేస్తుంది. మెత్తబడ్డవి రిజెక్ట్. మర్నాడు రైతు ఖాతాలో రసీదులో ఉన్నదానికన్నా తక్కువ పడుతుంది. "అన్నా, నిన్న రెండు క్రేట్లు తీసేసిన్రట, ఎందుకు?" అని అతను ఫీల్డ్ ఆఫీసర్‌ను అడుగుతాడు. ఆ కుర్రాడిదీ పక్క ఊరే. అతని దగ్గర జవాబు ఉండదు.

బోయిన్‌పల్లి మార్కెట్లో కమీషన్ ఉంది, హమాలీ ఉంది, బేరంలో అన్యాయాలూ ఉన్నాయి. కానీ సరుకు రైతు కళ్లముందే అమ్ముడుపోతుంది, ఖర్చులు పోను ఎంత మిగిలిందో అక్కడే తెలిసిపోతుంది. నాలుగు నెలలు యాప్ కంపెనీకి సరుకు ఇచ్చి మళ్లీ మార్కెట్‌కే వెళ్లిన రైతును చూసి 'టెక్నాలజీకి అలవాటుపడలేదు' అని ఆఫీసుల్లో అంటుంటారు. ఆ మాట ఒప్పుకోను. అతను లెక్క చూసుకునే వెళ్లాడు.

అసలు ఇంత రిజెక్షన్ ఎందుకు వస్తోంది? రవాణా ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇండెంట్, అంటే సిటీ నుంచి వచ్చే సరుకు ఆర్డర్. సిటీలో ఎంత సరుకు కావాలో ఖరారయ్యేసరికి సాయంత్రమవుతుంది. కాయ పొద్దున్నే కోసేసి ఉంటుంది. ఆర్డర్లు తగ్గిన రోజు నాణ్యత కొలత ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. నిన్న పాసైన కాయే ఇవాళ ఫెయిల్. దీనికి మేనేజర్ల పనితీరును కొలిచే పద్ధతి కూడా తోడవుతుంది. కిలోకు ఎంత ఖర్చయింది, ఎంత శాతం వృథా అయింది అన్నవే మమ్మల్ని అడిగేవి. రిజెక్ట్ అని రాసేస్తే వృథా కంపెనీ పద్దులోంచి రైతు పద్దులోకి మారుతుంది. కాగితం మీద మేనేజర్ బాగా పనిచేసినట్టే.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారే. రైతుకు పదో పదిహేనో క్రేట్లు వస్తాయి. ఒక్కొక్కరి సరుకు విడిగా చూసి, తూచి, రాయాలంటే మనుషులు కావాలి. ఖర్చు తగ్గించాలనుకోగానే ముందు కోతపడేది ఈ మనుషులకే. అన్నిటికన్నా చివర ముట్టుకోవాల్సిన చోటది.

1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడు చేతిలో యాప్ లేదు. రైతులకు గుర్తింపు కార్డులిచ్చారు, కూరగాయలతో వచ్చేందుకు ఆర్టీసీ బస్సులు నడిపారు, హోల్‌సేల్‌కు కాస్త ఎక్కువగా, చిల్లరకు తక్కువగా ధర నిర్ణయించి బోర్డు మీద రాశారు. లోపాలు చాలానే ఉన్నాయి, దళారులూ చొరబడ్డారు. అయినా ధర అందరికీ కనిపించేలా రాయడమన్నది ఆపరేషన్స్ చూసే ఎవరైనా నేర్చుకోవాల్సిన విషయం.

పొలంలో మందు కొట్టే డ్రోన్ల దగ్గరా ఇదే సమస్య. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేశాక, మందు సమయానికి పడటం ఎంత ముఖ్యమో ఖమ్మం, మహబూబాబాద్ రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యాటరీ సెట్లు చాలకో, ముందు ఊళ్లో ఆలస్యమయ్యో డ్రోన్ రాకపోతే ఆ రోజు నష్టం రైతుదే. కంపెనీ బుకింగ్‌ను రేపటికి మారుస్తుంది, అంతే.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. గ్రేడింగ్ ఒక్కసారే, కలెక్షన్ సెంటర్లో, రైతు ఎదుటే జరగాలి. ఏ కాయ ఏ గ్రేడో ఫొటోలతో, తెలుగులో గోడమీద ఉండాలి. రసీదు చేతికిచ్చాక జరిగే నష్టం కంపెనీదే. అప్పుడు వ్యాన్ లోడింగ్, ఇండెంట్ వేళలు వాటంతటవే దారిలోకి వస్తాయి, ఎందుకంటే నష్టం తగిలేది వాటిని సరిదిద్దగలవాళ్లకే. కొనుగోలు ధర కిలోకు రూపాయి తగ్గినా పర్వాలేదు, చెప్పిన డబ్బు చెప్పినట్టు పడితే చాలు అనే రైతులే నాకు ఎక్కువగా తారసపడ్డారు.

మనుషుల కొరత కూడా సాకు కాదు. జయశంకర్ వ్యవసాయ వర్సిటీ పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా చేసినవాళ్లున్నారు. రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ సంస్థలు మేనేజ్, నార్మ్‌ల నుంచి అగ్రి బిజినెస్ చదివినవాళ్లు వస్తున్నారు. వాళ్లకు కలెక్షన్ సెంటర్లో సరైన జీతం, సరుకు మీద తుది నిర్ణయం తీసుకునే అధికారం రెండూ ఇవ్వాలి. ఇక పెట్టుబడి పెట్టేవాళ్లు ఎంతమంది రైతులు యాప్ దించుకున్నారని అడగడంతో ఆపకుండా, పోయిన సీజన్లో ఎన్ని కిలోలు రిజెక్ట్ అయ్యాయి, ఆ డబ్బు ఎవరు భరించారు అని కూడా అడగాలి.