పొద్దున్నే ‘టీ తాగార్రా’ అని అడిగే గ్రూపులు ఉండాలి

పొద్దున్నే ఫోన్ తీస్తే గులాబీ పువ్వు, వెనకాల సూర్యుడు, మధ్యలో ఎవరన్నారో తెలీని ఒక సూక్తి, కింద శుభోదయం అని పెద్దక్షరాలు. దీని మీద చిరాకు పడనివాళ్ళు తక్కువ. 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ దీని మీద కథనమే వేసింది, ఇండియాలో ఫోన్లు ఎందుకిలా నిండిపోయి ఆగిపోతున్నాయని గూగుల్ వాళ్ళు తవ్వితే రోజూ వచ్చిపడే ఈ గుడ్ మార్నింగ్ బొమ్మలే బయటపడ్డాయట. దానికి నెల ముందే, 2017 డిసెంబర్లో, ఫోన్లో పేరుకున్న చెత్త ఊడ్చెయ్యడానికి ఫైల్స్ గో అనే యాప్ కూడా తెచ్చారు. ఇక అప్పట్నుంచి పొద్దున్న వాట్సాప్ గ్రూపులో వచ్చేదంతా చెత్తే అనే మాట స్థిరపడిపోయింది, గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకోవడం తెలివిగలవాళ్ళ పని అయిపోయింది. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఫార్వర్డ్ బొమ్మ వేరు, ఫ్రెండ్స్ పొద్దున్నే నాలుగు ముక్కలు మాట్లాడుకోవడం వేరు, రెండిటినీ ఒకే గాటన కట్టేసి రెండోదాన్ని కూడా పోగొట్టుకుంటున్నాం.

మా టెన్త్ బ్యాచ్ గ్రూపు సంగతి చెప్తాను, ఇలాంటివి కోనసీమలో చాలా హైస్కూళ్ళకి ఉంటాయి. అందరికంటే ముందు లేచేది టిఫిన్ హోటల్ నడిపేవాడు. ‘పప్పు రుబ్బడం అయింది, ఈరోజు దిబ్బరొట్టె ఉంది, రండ్రా’ అని పెడతాడు, ఊళ్ళో ఉన్న నలుగురైదుగురే వస్తారని వాడికీ తెలుసు, మిగతావాళ్ళం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని చదువుకోవడమే. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసేవాడు డ్యూటీ ఎక్కేముందు ‘మంచు దట్టంగా ఉంది, వెలుతురొచ్చేదాకా బళ్ళ మీద బయల్దేరకండి’ అంటాడు. మనకి ఏడయ్యేసరికి కువైట్‌లో నాలుగున్నర, అక్కడ ఇంటి డ్రైవర్‌గా ఉన్నవాడు కఫీల్, అంటే వాణ్ణి పనిలో పెట్టుకున్న యజమాని, పిల్లల్ని స్కూల్లో దింపడానికి అప్పుడే లేచి బండి కడుగుతుంటాడు, ‘ఇక్కడింకా చీకటే’ అని ఒక్క ముక్క కొడతాడు. డల్లాస్‌లో ఉన్నవాడికి ఎండాకాలం అయితే అది ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, అన్నం తింటూ అందరికీ గుడ్ నైట్ చెప్పి తిట్లు తింటాడు. రోజూ ఇదే వరస.

వీటిల్లో పేపర్‌కెక్కే వార్త ఒక్కటీ లేదు. దిబ్బరొట్టె ఉందని తెలిసి బెంగళూరులో నాకు ఒరిగేదేం లేదు. కానీ స్కూల్లో పొద్దున్న అటెండెన్స్ వేసేటప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అంటే ఎంతో ఇదీ అంతే, వాడు ఉన్నాడు, లేచాడు, పనిలో పడ్డాడు అని తెలుస్తుంది. రోజూ పలికేవాడు ఒకరోజు పలక్కపోతే అది కూడా తెలుస్తుంది, నా దృష్టిలో అసలు విలువ అక్కడుంది. ఒకసారి వర్షాకాలంలో హోటల్ వాడు వరసగా దేవుడి బొమ్మలు మాత్రమే పెడుతున్నాడు, టిఫిన్ మాట లేదు. మేమెవరం పట్టించుకోలేదు, మెసేజ్ వస్తోంది కదా అనుకున్నాం. డ్రైవర్ ఒక్కడే ‘వీడు రొట్టె సంగతి చెప్పి రెండ్రోజులైంది ఏంట్రా’ అని అడిగి, జవాబు రాకపోతే ఇంటికెళ్ళాడు. చూస్తే డెంగీ, ప్లేట్‌లెట్లు పడిపోయి మంచం మీద ఉన్నాడు, పడుకునే ఎవరో పంపిన బొమ్మలు ఇటు తోసేస్తున్నాడు. సొంత మాట ఆగిపోయినా ఫార్వర్డ్ ఆగదు. ఎవరైనా ఎక్కణ్ణుంచైనా ఏ స్థితిలో ఉన్నా పంపగలిగేది చూసి ఆ మనిషి ఎలా ఉన్నాడో ఎలా తెలుస్తుంది? బొమ్మలు పంపేవాళ్ళ మీద నాకు కోపం లేదు, టైప్ చెయ్యడం రానివాళ్ళు, ఏం రాయాలో తోచనివాళ్ళు ప్రేమగానే పంపుతారు. వాళ్ళతో నేననేది, వాయిస్ మెసేజ్ పెట్టండి, ‘లేచానండి’ అంటే చాలు.

ఇలాంటి కబుర్లు పోతే ఏమవుతుందో కోనసీమ వాళ్ళకి 2022లో అనుభవంలోకి వచ్చింది. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద మే 24న అమలాపురంలో గొడవ జరిగింది, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ తర్వాత దాదాపు రెండు వారాలు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకుంటున్న పిల్లలు ల్యాప్‌టాప్ బ్యాగులేసుకుని సిగ్నల్ కోసం గోదావరి దాటి అవతలికి పోవాల్సొచ్చింది. పుకార్లు వాట్సాప్‌లో తిరుగుతాయని ఆపామన్నారు, తిరిగిన మాట నిజమే, కానీ పుకారుతో పాటు ‘నేను బాగానే ఉన్నాను’ అనేది కూడా ఆగిపోయింది. బయట ఉన్న మేం ఫోన్లు చేసి కనుక్కున్నాం. ఫోన్ చెయ్యాలంటే ముందు ఎవరికి చెయ్యాలో ఎంచుకోవాలి, ఆ ఎంచుకోవడంలో ఎవరికెవరు దగ్గరో, ఏ వీధివాళ్ళు ఏ వీధివాళ్ళకి చేస్తున్నారో బయటపడిపోయింది. గ్రూపులో ‘టీ తాగార్రా’ అంటే అందరికీ కలిపి అన్నట్టు, అక్కడ ఆ గొడవ లేదు.

అసలు కష్టం నెట్ వచ్చాక మొదలైంది. గ్రూపులో పేరు మార్పుని సమర్థించేవాళ్ళూ ఉన్నారు, వ్యతిరేకించేవాళ్ళూ ఉన్నారు, కేసులు ఎవరి మీద పడతాయో అన్న భయం ఒకటి. ఎవరూ ఏమీ రాయట్లేదు, అందరూ చూస్తున్నారు, రాస్తే ఏ మాట ఎటు పోతుందో తెలీదు. హోటల్ వాడు ఒక పొద్దున్న ‘పెసరట్టు ఉప్మా, రండి’ అని పెట్టాడు. గంట దాకా జవాబు లేదు. తర్వాత దళితుల కాలనీలో ఉండే మా ఫ్రెండ్, ఆ గొడవల్లో అందరికంటే ఎక్కువ బాధపడ్డవాడు, ‘రెండు పార్సిల్ కట్టు, వస్తున్నా’ అని కొట్టాడు. దాంతో కులం పోయిందని నేననను. జిల్లా పేరు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకలాగే ఉంది, అక్కడ ఒక వర్గానికి జరిగిన అవమానం టిఫిన్‌తో తీరేది కూడా కాదు. కాకపోతే పెద్ద విషయం మీద మాట్లాడుకోలేని మనుషులు మళ్ళీ ఒకే చోట నోరు విప్పాలంటే చిన్న విషయం ఒకటి చేతిలో ఉండాలి, రోజూ అలవాటున్న విషయం అయితే ఇంకా సులువు. ఆ అలవాటు లేని గ్రూపులు అప్పుడు చాలా చీలిపోయాయి, ఇప్పటికీ కలవనివి నాకు తెలుసు.

నెల తిరిగేసరికి జులైలో వరదొచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక, ఆ ఏడు అది దాటిపోయి 25 లక్షల క్యూసెక్కుల పైనే సముద్రంలోకి వదిలారు, లంక గ్రామాలు మునిగాయి. అప్పుడు పొద్దున్న కబుర్లన్నీ నీళ్ళ మీదే. ‘మీ వీధిలో ఎంతుంది’, ‘మోకాల్లోతు, గేదెల్ని గట్టు మీదకి తోలేశాం’, ‘మా పెదనాన్న రానంటున్నాడు, మీరెవరైనా చెప్పండ్రా’. ఎవరింట్లో ముసలాళ్ళున్నారు, ఎవరి నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్, ఎవరి పిల్ల నెలలు నిండి పుట్టింట్లో ఉంది, ఇవన్నీ ఎవరూ లిస్టు రాసుకోలేదు, ఏళ్ళ తరబడి టీ కబుర్ల మధ్యలో చెవినపడ్డవే. పడవ ఏ ఇంటికి ముందు పంపాలో అందుకే తెలిసింది. పనికిరాని చాటింగ్ అనేవాళ్ళు ఈ లెక్క ఎక్కడా వెయ్యరు.

వాట్సాప్ చేసేవాళ్ళ ఆలోచన దీనికి ఎదురుగా పోతోంది. పుకార్లతో జరిగిన మూకదాడుల తర్వాత 2018 జులైలో ఇండియాలో ఫార్వర్డ్‌ని ఒకేసారి అయిదు చాట్‌లకి మించి పంపకుండా చేశారు, 2020 ఏప్రిల్లో బాగా తిరిగిన మెసేజ్‌ని ఒక్క చాట్‌కే పంపేలా బిగించారు, ఈ రెండూ మంచివే. కానీ అదే 2020లో గ్రూపుని ఎప్పటికీ మ్యూట్‌లో పెట్టుకునే ఆప్షన్ ఇచ్చారు, 2022లో గ్రూపులోంచి అడ్మిన్లకి తప్ప మిగతావాళ్ళకి నోటిఫికేషన్ పోకుండా తప్పుకునే వీలిచ్చారు. ఆఫీసు గ్రూపుకో అపార్ట్‌మెంట్ గ్రూపుకో ఇవి అవసరమే, వేధింపులు ఉన్నచోట మరీ అవసరం. ఫ్రెండ్స్ గ్రూపులో మాత్రం, ‘వీడెందుకు వెళ్ళిపోయాడ్రా’ అని నలుగురు అడగడమే చాలాసార్లు మనిషిని వెనక్కి తెచ్చేది. ఆ అడగడానికి సందు లేకుండా పోయింది. 2024 ఎన్నికల ముందు పార్టీల గొడవలతో ఇద్దరు మాలోంచి అలా వెళ్ళిపోతే అడ్మిన్ చెప్పేదాకా మాకు తెలీలేదు, ఇళ్ళకి వెళ్ళి మాట్లాడితే ఒకడొచ్చాడు, ఇంకొకడు రాలేదు.

ఇంకో విషయం ఉంది, దీని మీద మగవాళ్ళం సరిగా మాట్లాడం. మా బ్యాచ్‌లో ఆడపిల్లలు సగం ఉండేవాళ్ళు, గ్రూపులోనూ ఉన్నారు, పొద్దున్న మాత్రం ఒక్కరూ కనపడరు. ‘వాళ్ళు మాట్లాడరు, సిగ్గు’ అని మావాళ్ళు తేల్చేశారు చాలాకాలం. కేంద్ర ప్రభుత్వం చేసిన 2019 టైం యూజ్ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి 299 నిమిషాలు పెట్టేవాళ్ళు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ అయిదు గంటల్లో పెద్ద ముక్క పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది మధ్యే ఉంటుంది, పాలు, టిఫిను, బాక్సులు, అత్తగారి మాత్రలు, నీళ్ళ మోటారు. మనం టీ తాగుతూ టైప్ చేసే ఆ టైంలోనే మన చేతికి ఆ టీ ఇచ్చిన మనిషికి ఫోన్ ముట్టుకునే తీరిక లేదు. పదకొండు దాటాక వాళ్ళొచ్చి చూసేసరికి రెండొందల మెసేజ్‌లు, అన్నీ అయిపోయిన కబుర్లు, వాటికి ఇప్పుడు జవాబేం రాస్తారు? నలుగురైదుగురు ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకునేవాళ్ళు. ఆ దణ్ణం చూసి మేం సిగ్గనుకున్నాం.

దీని గురించి మా క్లాస్‌లో ఫస్ట్ వచ్చే అమ్మాయి, ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు, సూటిగానే రాసింది: ‘మీరు పొద్దున్నే అన్నీ మాట్లాడేసుకుని గెట్‌టుగెదర్ డేట్ కూడా మీరే ఫిక్స్ చేసేసి మమ్మల్ని రమ్మంటారు, ఆ రోజు మాకు కుదురుతుందో లేదో ఎవరన్నా అడిగారా’. ఎవరం అడగలేదు. అప్పట్నుంచి డబ్బులు వసూలు చేసేదైనా, డేట్ పెట్టేదైనా, ఎవరికన్నా సాయం చేసేదైనా పదకొండు తర్వాతే గ్రూపులో పెడుతున్నాం, సాయంత్రం దాకా ఆగి లెక్క చూస్తున్నాం. పొద్దున్న కబుర్లు పొద్దున్నే నడుస్తున్నాయి, పదకొండున్నరకి ఆడవాళ్ళది ఇంకో విడత మొదలవుతోంది, అందులో కూరలేంటి దగ్గర్నుంచి పిల్లల ఈఏపీసెట్ ర్యాంకుల దాకా వస్తున్నాయి, వాళ్ళ మాటలకి మగవాళ్ళు డ్యూటీల్లో ఉండి జవాబివ్వలేకపోతున్నారు, ఇప్పుడు దాని మీద గొడవ నడుస్తోంది.