ఉపకారులతో జాగ్రత్త

బరంపురం చుట్టుపక్కలా, అటు పర్లాకిమిడి వైపూ ఉపకారం చేసే జబ్బు ముదిరిపోతోంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై, బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు చేయి వదిలినప్పుడైనా ఇది ఆగాల్సింది. సరిహద్దు రాళ్లు పాతినా ఆగలేదు. ప్రజల క్షేమం కోరి లక్షణాలు తెలియజేస్తున్నాం.

రైల్లో వీళ్లను పోల్చుకోవడం తేలిక. పెద్దాయన పెట్టె ఎత్తిపెట్టేముందు "తాతగారూ, ఎక్కడ దిగుతారు?" అని ఆరా తీస్తారు. ఇచ్ఛాపురమంటే పెట్టె చేతికందేలా ఇవతలికి, పలాసంటే సీటు కింద లోపలికి. చిన్న స్టేషన్లో బండి ఆగేది ఒకట్రెండు నిమిషాలు. ముందు దిగేవాడి సామాను అడుగున పడితే బండితోపాటే పోతుందని వీళ్ల బెంగ. మనలాంటి మర్యాదస్తులం ఆ సంగతి బండి కదిలాక చూసుకుంటాం.

కింది బెర్తు ఇచ్చేవాడు మరీ ప్రమాదకరం. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మకు తన బెర్తు ఇచ్చి ఊరుకోడు, టీటీఈకి చెప్పి మరీ వస్తాడు. లేకపోతే చార్టు పట్టుకుని అర్ధరాత్రి ఆవిడనే లేపుతారట. మధ్య బెర్తు వేసుకునే హక్కు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకానే. అయినా పైన ఒళ్లు కాలుతున్నవాడు పడుకుంటే ఏడైనా లేపడు. టీ గ్లాసుతో మెడ వంచుకుని దాని కిందే కూర్చుంటాడు.

బరంపురం పెద్దాసుపత్రి గేటు దగ్గర ఇంకో రకం. సోంపేట నుంచొచ్చిన రోగికి ఒడియా బోర్డు కొరుకుడుపడదు. "అటు" అని చెయ్యి ఊపితే పోయేదానికి, చీటీ మీద తెలుగు లిపిలో "ఔట్‌డోర్ కేవుఁఠి?" (ఓపీ ఎక్కడ?) అని ఒడియా మాట రాసిస్తాడు. వెనక వైపు రోగి పేరూ వయసూ ఒడియాలో, కౌంటరులో చూపించడానికి. తెలియని చోటైతే "తెలీదండీ" అని సిగ్గులేకుండా ఒప్పేసుకుంటాడు. తెలియకపోయినా ధీమాగా దారి చెప్పే మన కూడలి సంప్రదాయం ఏమైపోవాలి?

ఎండాకాలం చలివేంద్రం సంగతి చూడండి. శాస్త్ర ప్రకారం కుండకంటే ఫ్లెక్సీ పెద్దది. ఫ్లెక్సీలో పదకొండు ముఖాలకు తగ్గకూడదు. మొదటిరోజు మజ్జిగ, మర్నాటినుంచి గాలి. 15 లీటర్ల కుండ 200 మిల్లీలీటర్ల గ్లాసుతో 75 మందికే సరి. బస్టాండులో అది గంట ముచ్చట. ఈ లెక్క తెలిసిన ఉపకారి ఫ్లెక్సీ డబ్బుతో పక్క టీకొట్టు కుర్రాణ్ణి పూటకు ఇన్ని బిందెలని మాట్లాడుకుంటాడు. కుండ కింద తడి ఇసుక, పైన మూత, వేళ్లు మునగకుండా పొడుగు కాడ గరిటె. ప్రారంభోత్సవం లేదు, ఫొటో లేదు. చిత్రగుప్తుడికి ఆధారమేం చూపిస్తాడో!

వడదెబ్బకు సోలిపోయినవాడి చుట్టూ మూగి గాలి ఆపడం మన జన్మహక్కు. వీళ్లు గుంపును చెదరగొట్టి, వాణ్ణి నీడకు చేర్చి, మెడకూ చంకలకూ తడిగుడ్డ పెట్టి 108కి ఫోను కొడతారు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయనివ్వరు, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయని. అతిసారంతో నీరసించినవాడికైతే లీటరు మంచినీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అదీ తలగొట్టి కొలిచి. ఉప్పు ఎక్కువైతే అసలుకే మోసమట. గుప్పెడు, చిటికెడు లెక్కలతో బతికిన జాతికి ఎంత అవమానం!

చట్టమైనా వీళ్లను అదుపు చేస్తుందనుకుంటే, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి వీళ్లనే వెనకేసుకొచ్చింది. గాయపడినవాణ్ణి మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవాడి మీద కేసు ఉండదు, ఇష్టం లేకపోతే పేరైనా చెప్పనక్కర్లేదు. దాంతో 16వ నంబరు జాతీయ రహదారి మీద "పోలీసులూ కోర్టులూ మనకెందుకు" అని బండి పోనిచ్చే గట్టి సాకు కాస్తా ఊడిపోయింది. కొత్తది ఎవరికైనా తడితే తెలియజేయగలరు. "ఆఫీసుకు ఆలస్యమవుతోంది" మాత్రం పంపకండి, ఆదివారాలు పనికిరావడం లేదు.