పురికొసతో కుట్టిన సీరియల్

మా అమ్మ ట్రంకుపెట్టెలో ఒక సీరియల్ బైండు ఉండేది. ప్రెస్సులో చేయించింది కాదు. వారం వారం పత్రికలోంచి పేజీలు చించి, దబ్బనంతో మూడుచోట్ల పొడిచి, పురికొసతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసింది. 1970ల్లో చాలా ఇళ్లలో ఇలాంటివి కనబడేవి. కథ పేజీ తిప్పితే వెనక తలనొప్పి మాత్రల ప్రకటన, సగం తెగిన వంటల శీర్షిక.

ఆమధ్య ఒక ఆదివారం దాన్ని ఏకబిగిన చదివేశాను. వారానికి నాలుగు పేజీల చొప్పున చదివినప్పుడు తెలియని సంగతి అప్పుడు బయటపడింది. ప్రతి నాలుగో పేజీ చివరా ఏదో ఒకటి జరిగి తీరుతుంది. తలుపు చప్పుడవుతుంది. టెలిగ్రాం వస్తుంది. హీరోయిన్ ‘మీరా!’ అని కొయ్యబారిపోతుంది. కింద ‘ఇంకా ఉంది’. తీరా పేజీ తిప్పితే తలుపు కొట్టింది పాలవాడు! వారమంతా ఎదురుచూసినవాళ్లకు ఆ పాలవాడి మీద ఎంత కోపం వచ్చి ఉంటుందో. అయినా మరుసటి వారం పత్రిక కొన్నారు.

సీరియల్‌ను తిట్టిపోయడానికి లేదు. మన నవల పెరిగిందే పత్రికల్లో. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో పత్రికలో భాగాలుగా వచ్చి, ఆ తర్వాత పుస్తకమైంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ కూడా 1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వెలువడిందే. అందులో కథానాయకుడు దయానిధి ఆలోచనలో పడ్డాడంటే ఓ పట్టాన బయటికి రాడు. అలాంటి నవలను వాయిదాల్లో వేసిన సంపాదకుడి ఓపికకు దండం పెట్టాలి. అంటే వాయిదాల వల్ల వచ్చిన చేటేమీ లేదు. ప్రతి వాయిదా చివరా మెలిక పడాల్సిందేనన్న పట్టుదల దగ్గరే మనవాళ్లకు చెయ్యి పాడైంది.

నవల రాయడంలో అసలు కిటుకు కాలాన్ని పంచడంలో ఉందని నాకనిపిస్తుంది. ఏ పదేళ్లను ఒక్క వాక్యంలో దాటెయ్యాలి, ఏ పది నిమిషాల దగ్గర తీరిగ్గా కూర్చోవాలి అన్నది తేల్చుకోవాలి. 1969లో వచ్చిన ‘అంపశయ్య’లో నవీన్ ఒక్క రోజే తీసుకున్నారు. ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా. నవలంతా అంతే. ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరైంది. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలివాడి ఒక్క రాత్రి ఉంది. ఇక విశ్వనాథ ‘వేయిపడగలు’ను 29 రోజుల్లో చెప్పి రాయించారని ప్రతీతి. చదవడానికి నాకు అంతకంటే ఎక్కువే పట్టింది, అది వేరే సంగతి.

చదివేవాడికీ ఇదే పని. రచయిత ఆగినచోట ఆగాలి. ‘వర్ణనలు వదిలేసి కథ చదివాను’ అని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే, పెళ్లికి వెళ్లి భోజనం చెయ్యకుండా వచ్చినవాళ్లు గుర్తొస్తారు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే సీరియళ్లలోనూ ప్రతి భాగం చివరా మళ్లీ ఆ తలుపు చప్పుడే. కాకపోతే వారం ఆగే పని లేదు, వేలు కదిపితే చాలు. కొత్తగా రాస్తున్నవాళ్లు పంపే నవలలు చదువుతుంటే సంఘటనకు సంఘటన తరుముకొస్తూ ఉంటుంది. ఎవరూ ఎక్కడా కూర్చుని కాఫీ తాగరు.

అమ్మ బైండులో ఒక వారం లేదు. పత్రిక ఎవరో చుట్టాలు పట్టుకుపోయారట. ఆ చోట రూళ్ల కాగితం ఒకటి కుట్టి, పక్కింటావిడ చెప్పిన కథ నాలుగు వరుసల్లో రాసుకుంది: ‘ఉత్తరం అత్తగారి చేతిలో పడింది. శేఖరం ఊళ్లో లేడు. ఈ పిల్ల పుట్టింటికి ప్రయాణం కట్టింది. స్టేషన్‌లో ఎవరో పిలిచారు.’ అది చదివి పక్క పేజీలోకి వెళ్లాను. కథలో నాకేమీ లోటు తెలియలేదు.

ఆ రాత్రి ‘అంపశయ్య’ తీసి, దానికీ అలా నాలుగు వరుసలు రాద్దామని కాగితం పట్టుకున్నాను. ‘రవి నిద్ర లేచాడు. చేతిలో డబ్బుల్లేవు’ అని రాసి, కాసేపు చూసి, కొట్టేశాను.